రేసు హార్నెస్, రోడ్డు మీది కారు

రేసు కారు నడిపేవారిని సీటుకు కదలకుండా కట్టి ఉంచే బెల్టుల కూర్పును హార్నెస్ అంటారు. రెండు భుజాల మీదుగా రెండు పట్టీలు, నడుముకు ఇరువైపుల నుంచి రెండు పట్టీలు, కొన్నిట్లో తొడల మధ్య నుంచి ఒకటో రెండో పట్టీలు కూడా వచ్చి పొత్తికడుపు దగ్గర ఒకే బకిల్‌లో కలుస్తాయి. కారు బాడీకి ఎన్ని చోట్ల బిగించారన్నదాన్ని బట్టి ఫోర్ పాయింట్, ఫైవ్ పాయింట్, సిక్స్ పాయింట్ అని పేర్లు. కంపెనీ నుంచి కారుతో పాటు వచ్చేది త్రీ పాయింట్ బెల్టు. ట్రాక్ కోసం పుట్టిన హార్నెస్‌ను ఆఫీసుకూ, పెళ్ళికీ, గుడికీ తిరిగే కారులో బిగించుకోవడం కార్ల మోజున్న కుర్రాళ్ళలో కనిపించే అలవాటు. ‘నాలుగు పట్టీలుంటే మూడింటి కన్నా గట్టి కదా’ అన్నది దాని వెనకున్న ఊహ. ఆ ఊహ ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ ప్రాణం మీదికి తెస్తుందో తిరువళ్ళూరు, తిరుత్తణి పరిసరాలను దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఈ నేలకూ రేసుకూ చుట్టరికం

తిరువళ్ళూరు అనగానే చాలామందికి వీరరాఘవ పెరుమాళ్ కోవెల, అమావాస్య నాటి జనం గుర్తొస్తారు. తిరుత్తణి అంటే కొండ మీది సుబ్రహ్మణ్యస్వామి, ఏడాదికున్న రోజుల లెక్కన 365 మెట్లు. మన దేశపు మోటారు రేసుల చరిత్రలో ఒక పెద్ద అధ్యాయం ఈ జిల్లాలోనే నడిచిందన్న సంగతి అంతగా ఎవరికీ పట్టదు. మద్రాసు నుంచి నెల్లూరు వైపు వచ్చే గ్రాండ్ నార్తర్న్ ట్రంక్ రోడ్డు మీద, రెడ్‌హిల్స్ దాటాక షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ విమానాల కోసం వేసిన రన్‌వే యుద్ధం అయ్యాక ఖాళీగా మిగిలింది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1950ల నుంచి 1980ల చివరిదాకా దాని మీదే రేసులు నడిపింది. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన సుందరం కరివర్ధన్ మారుతి 800 ఇంజను పెట్టి తక్కువ ఖర్చులో తయారు చేసిన ఒంటి సీటు ‘ఫార్ములా మారుతి’ కార్లు 1988లో రంగంలోకి దిగాయి. సామాన్య కుటుంబాల కుర్రాళ్ళకు కూడా అసలైన రేసు సీటులో కూర్చునే దారి వాటితో తెరుచుకుంది. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో చనిపోయారు. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీద ఉన్నదే.

1990లో రేసులు షోలవరం వదిలి శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగట్టుకోట్టైకి, అంటే క్లబ్ సొంతంగా వేసుకున్న ట్రాక్‌కు తరలిపోయాయి. ఒక చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. తిరువళ్ళూరు నుంచి బయల్దేరితే గంట ప్రయాణం కూడా ఉండదు.

కార్ల తయారీలోనూ తిరువళ్ళూరుకు పేరుంది. హిందూస్థాన్ మోటార్స్ కంపెనీ జపానుకు చెందిన మిత్సుబిషితో చేయి కలిపి 1998లో ఇక్కడి ఫ్యాక్టరీ నుంచి లాన్సర్ కారును విడుదల చేసింది. తర్వాత వచ్చిన సెడియా కూడా ఇక్కడిదే. ఉక్కు గొట్టాల రోల్ కేజ్, సిక్స్ పాయింట్ హార్నెస్ బిగించిన సెడియాలు ఎమ్మారెఫ్ జట్టు తరఫున జాతీయ ర్యాలీ పోటీల్లో దుమ్ము రేపాయి. ఆ ఎమ్మారెఫ్‌కు ఒక టైర్ల ఫ్యాక్టరీ తిరుత్తణి పక్కనే, అరక్కోణంలో ఉంది. హిందూస్థాన్ మోటార్స్ ఫ్యాక్టరీలో ఇప్పుడు సిట్రోయెన్ కార్లు తయారవుతున్నాయి. ఇలా రేసు నడిచిన నేల, రేసుకెళ్ళిన కారు, దాని టైరు అన్నీ చుట్టుపక్కల ఊళ్ళలోవే. హార్నెస్ మోజు ఇక్కడి కుర్రాళ్ళకు టీవీ చూసి మాత్రమే పుట్టింది కాదు.

తెలుగువారికి ఈ దారితో మరో బంధం ఉంది. 1960 ఏప్రిల్ దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలో భాగం. సరిహద్దుల సర్దుబాటులో మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు పల్లెల్లో ఇప్పటికీ తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి. తిరుపతి వైపు నుంచి సొంత కారులో ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు వచ్చేవారు రేణిగుంట, పుత్తూరు, నగరి దాటి తిరుత్తణి, తిరువళ్ళూరు మీదుగానే రావాలి. పొద్దున వచ్చేటప్పుడు అది రోడ్డు కారు, పగలంతా ట్రాక్ కారు, సాయంత్రం తిరిగి వెళ్ళేటప్పుడు మళ్ళీ రోడ్డు కారు. ఈ వ్యాసానికి అసలు ప్రశ్న ఆ తిరుగు ప్రయాణంలోనే ఉంది. ఒంటి మీద ఏ బెల్టు ఉండాలి?

ఎక్కడి నుంచి వచ్చింది

మనిషిని సీటుకు కట్టే ఆలోచన విమానాల నుంచి వచ్చింది. తలకిందులయ్యే విమానంలోంచి పైలట్ జారి పడకూడదు కదా. గట్టిగా కట్టిన మనిషి ఎంత కుదుపు తట్టుకోగలడో తేల్చడానికి అమెరికా వైమానిక దళ వైద్యుడు జాన్ స్టాప్ తన శరీరాన్నే ప్రయోగానికి ఇచ్చాడు. 1954 డిసెంబర్ 10న పట్టాల మీద రాకెట్లతో నడిచే బండిలో తనను పట్టీలతో కట్టించుకుని గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటిన వేగం నుంచి 1.4 సెకన్లలో ఆగాడు. శరీరం మీద భూమ్యాకర్షణకు 46 రెట్లు బలం పడింది. కళ్ళలో రక్తం చిమ్మింది, బతికాడు. పట్టీ సరైన చోట, సరైన బిగువుతో ఉంటే మనిషి ఎముకలు మనం అనుకున్నదాని కన్నా ఎంతో ఎక్కువ ఓర్చుకుంటాయని ఆ రోజు రుజువైంది.

1959లో స్వీడన్ ఇంజనీరు నీల్స్ బోలిన్ వోల్వో కంపెనీ కోసం త్రీ పాయింట్ బెల్టును రూపొందించాడు. అంతకు ముందు ఆయన పని సాబ్ కంపెనీలో, పైలట్లను విమానం లోంచి పైకి విసిరే సీట్ల మీద. పైలట్ నిమిషాల కొద్దీ తీరిగ్గా పట్టీలు కట్టుకుంటాడు, ఇంటి మనిషి అలా చేయడని బోలిన్‌కు తెలుసు. ఒంటి చేత్తో, ఒక్క క్షణంలో పెట్టుకోగలిగితేనే జనం పెట్టుకుంటారు. ఆయన బెల్టు ఒంటి చేత్తో లాగి గుచ్చేది కావడానికి కారణం అదే. వోల్వో ఆ పేటెంటును అన్ని కంపెనీలకూ ఉచితంగా వదిలేసింది. అదే దాన్ని లోకమంతా వ్యాపింపజేసింది.

రేసుల్లో కథ వేరేగా నడిచింది. కారుకు నిప్పంటుకుంటే బయట పడలేమన్న భయంతో చాలాకాలం రేసర్లు బెల్టునే వద్దన్నారు. 1970 సెప్టెంబర్ 5న ఇటలీలోని మోంజాలో జోఖెన్ రింట్ ప్రాణం పోయింది. మంటల భయంతోనే ఆయన తొడల మధ్య పట్టీ పెట్టుకునేవాడు కాదు. కారు కంచెను గుద్దినప్పుడు శరీరం పట్టీల కిందికి జారిపోయింది, బకిల్ గొంతును కోసింది. ఆ ఏడాది ఫార్ములా వన్ ఛాంపియన్‌షిప్ ఆయన చనిపోయాక ఆయన పేరు మీదే నమోదైంది. 1972 నుంచి ఫార్ములా వన్‌లో హార్నెస్ తప్పనిసరి అయింది. నాలుగు పట్టీలుండి, అయిదోది లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి రింట్ మరణం కన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు. ఈ రోజు రోడ్డు కార్లలో కనబడే హార్నెస్‌లలో చాలావాటికి ఆ అయిదో పట్టీయే ఉండదు.

పట్టీలు గట్టిపడ్డాక కొత్త ప్రమాదం బయటపడింది. ఛాతీ కదలదు, తల మాత్రం ముందుకు ఎగురుతుంది. అంత బరువూ మెడ మీద పడి పుర్రె అడుగు భాగం పగులుతుంది. అమెరికాలో స్టాక్ కార్ల రేసుల దిగ్గజం డేల్ ఎర్న్‌హార్ట్ 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో ఇలాగే చనిపోయాడు. తలను భుజాలకు కట్టి ఉంచే ‘హాన్స్’ అనే కాలర్‌ను మిషిగన్‌లో శరీర యాంత్రిక శాస్త్రం బోధించే రాబర్ట్ హబ్బర్డ్, ఆయన బావమరిది వరసైన రేసర్ జిమ్ డౌనింగ్ అప్పటికి రెండు దశాబ్దాల క్రితమే తయారు చేశారు. ఎవరూ పట్టించుకోలేదు. ఎర్న్‌హార్ట్ మరణం తర్వాత పట్టించుకున్నారు. 2003 నుంచి ఫార్ములా వన్‌లో హాన్స్ లేనిదే కారెక్కనివ్వరు.

త్రీ పాయింట్ బెల్టులో దాగిన పని

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు గోడను గుద్దిందనుకుందాం. ముందు భాగం నలగడం, బెల్టు సాగడం అన్నీ కలిపి లోపలి మనిషికి ఆగడానికి దొరికే దూరం 60 సెంటీమీటర్లు అనుకుంటే, 70 కిలోల మనిషి మీద పడే బలం లెక్కకు 1,100 కిలోల బరువుకు సమానం. ఈ బలాన్ని గట్టి ఎముకలే మోయాలి. నడుము పట్టీ తుంటి ఎముకల మీద, భుజం పట్టీ కాలరు ఎముక, పక్కటెముకల మీద కూర్చోవాలి. పొట్ట మీదికి ఎక్కితే పేగులు, కాలేయం నలుగుతాయి.

రోడ్డు కారు బెల్టు చూడటానికి వట్టి పట్టీయే కానీ వెనక చిన్న యంత్రాంగం ఉంది. మామూలప్పుడు రీలు వదులుగా తిరుగుతుంది. అందుకే వంగి డ్యాష్‌బోర్డులోంచి కాగితం తీసుకోగలం, పక్క సందులోంచి ఎవరొస్తున్నారో మెడ సాచి చూడగలం. కారు ఒక్కసారిగా మందగిస్తే రీలు పట్టేస్తుంది. కొత్త కార్లలో గుద్దిన మరుక్షణం చిన్న మందు పేలి బెల్టును కొన్ని సెంటీమీటర్లు వెనక్కి లాగి వదులును హరిస్తుంది. దాన్ని ప్రీటెన్షనర్ అంటారు. తర్వాత ఛాతీ మీద బలం హద్దు దాటబోతే లోడ్ లిమిటర్ కొద్ది కొద్దిగా పట్టీని వదులుతుంది. అలా ముందుకు వస్తున్న తలను ఎయిర్‌బ్యాగ్ అందుకుంటుంది. ఒకే భుజం మీద పట్టీ ఉండటం వల్ల మొండెం కొంచెం మెలి తిరుగుతుంది. ఆ మెలికే మెడకు ఊరట. ఈ భాగాలన్నింటినీ ఒకదానికొకటి జత కుదిరేలా కంపెనీ లెక్క కట్టి, డమ్మీ బొమ్మలతో గుద్దించి చూసి అమర్చింది.

ముందు సీట్లలో కూర్చునేవారికి బెల్టు పెట్టుకుంటే చావు ముప్పు 45 నుంచి 50 శాతం తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ సంఖ్య మామూలు త్రీ పాయింట్ బెల్టుది.

హార్నెస్ ఒంటరిది కాదు

రేసు కారులో హార్నెస్ ఒక్కటే మనిషిని కాపాడదు. శరీరాన్ని రెండు వైపులా పట్టి ఉంచే బకెట్ సీటు, తల మీద హెల్మెట్, భుజాల మీద హాన్స్, చుట్టూ ఉక్కు గొట్టాల రోల్ కేజ్ అన్నీ కలిసి ఒక కుటుంబం. అందులోంచి హార్నెస్‌ను మాత్రం తీసుకొచ్చి మామూలు కారులో పెట్టడమంటే పందిరిలోంచి ఒక్క గుంజ పీకి తెచ్చి ఇంటి ముందు పాతుకున్నట్టే.

ముందుగా మెడ సంగతి. మన తల బరువు సుమారు 5 కిలోలు. పై లెక్క ప్రకారం గుద్దుకున్నప్పుడు అది 80 కిలోల బలంతో ముందుకు లాగుతుంది. త్రీ పాయింట్ బెల్టుతో మొండెం, తల కలిసి కొంత కదిలి ఎయిర్‌బ్యాగ్‌లోకి వెళ్తాయి. హార్నెస్‌తో రెండు భుజాలూ సీటుకు అతుక్కుని ఉంటే తల ఒక్కటే వెళ్ళాలి, బలమంతా మెడ పూసల మీదే. ట్రాక్ మీద దీనికి విరుగుడు హాన్స్, కానీ హాన్స్ హెల్మెట్‌కు తగిలించేది. హెల్మెట్ పెట్టుకుని తిరుత్తణి బజారులో కారు నడిపేవారెవరు? పైగా హెల్మెట్‌తో చూపు తగ్గుతుంది, చెవులకు హారన్లు సరిగ్గా వినబడవు.

ఇక ఫోర్ పాయింట్‌లో జారుడు. నాలుగు పట్టీలు పొట్ట దగ్గర కలిసే చోట భుజం పట్టీలను బిగించినకొద్దీ అవి నడుము పట్టీని పైకి లాగుతాయి. తుంటి మీద ఉండాల్సిన పట్టీ మెల్లగా పొట్ట మీదికి ఎక్కుతుంది. గుద్దుకున్నప్పుడు శరీరం దాని కిందికి జారుతుంది. తొడల మధ్య పట్టీ పని బకిల్‌ను కిందికి లాగి పట్టి ఉంచడమే. జర్మనీకి చెందిన ష్రోత్ కంపెనీ ఈ చిక్కును గమనించి, ఒక భుజం పట్టీలో కుట్టేసిన మడత పెట్టింది. గుద్దుకున్నప్పుడు ఆ కుట్లు తెగి ఒక భుజం కొద్దిగా ముందుకు వస్తుంది, శరీరం త్రీ పాయింట్ బెల్టులో లాగే మెలి తిరుగుతుంది, కిందికి జారదు. ఇంజనీర్లు ఎంతో కష్టపడి హార్నెస్‌ను మళ్ళీ త్రీ పాయింట్ బెల్టు ప్రవర్తనకు తేవాల్సి వచ్చిందన్నది ఇక్కడ గమనించాలి. యూరప్‌లో రోడ్డు వాడకానికి ఆమోదం పొందిన హార్నెస్‌లలో అలాంటివి ఉన్నాయి, అవీ ఫలానా కార్లకు, ఫలానా సీట్లకు అని షరతులతో.

భుజం పట్టీలు వెనక ఎక్కడ బిగించాలన్నది చాలామంది తప్పు చేసే చోటు. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య, అంటే ఎఫ్‌ఐఏ నియమం ప్రకారం భుజం దాటాక పట్టీ దాదాపు సమతలంగా వెనక్కి పోవాలి. 10 డిగ్రీలకు మించి కిందికి వాలకపోవడం మంచిది, 45 డిగ్రీలు దాటనే కూడదు. వీధి కార్లలో మాత్రం వెనక సీటు బెల్టుల బోల్టులకో, ఫ్లోరుకో తగిలిస్తారు. సీటు వెనక నుంచి పట్టీ నిట్టనిలువుగా కిందికి దిగుతుంది. గుద్దుకున్నప్పుడు అది మనిషిని వెనక్కి పట్టుకోవడం మాని భుజాల మీది నుంచి కిందికి అణగదొక్కుతుంది. వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి నలుగుతాయి. కొత్తగా రంధ్రం చేసి బోల్టు వేయాల్సి వస్తే అడుగున కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 40 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న ఉక్కు పలక పెట్టాలని అదే నియమం. పలక లేని బోల్టు పలచటి ఫ్లోరు రేకును చీల్చుకుని ఊడిపోతుంది. అప్పుడు పట్టీ ఎంత గట్టిదైనా లాభం లేదు.

కారు పల్టీ కొట్టినప్పుడు ఇంకో చిక్కు. త్రీ పాయింట్ బెల్టులో మొండెం పక్కకు కొంత వాలగలదు. హార్నెస్‌లో మనిషి నిటారుగా బిగుసుకుని ఉంటాడు. పైకప్పు నలిగితే తల తప్పించుకోవడానికి చోటుండదు. దానికి రోల్ కేజ్ కావాలి. కేజ్ పెడితే ఆ ఉక్కు గొట్టాలు హెల్మెట్ లేని తలకు అరచేయి దూరంలో ఉంటాయి. పక్క నుంచి ఆటో వచ్చి గుద్దినా తల గొట్టానికి తగులుతుంది. హార్నెస్ కోసం వెనక సీటు ముందు అడ్డంగా గొట్టం వేస్తే వెనక కూర్చున్న అమ్మానాన్నల ముఖాల ముందు అది సిద్ధంగా ఉంటుంది. ఒక్క ముప్పును తప్పించబోతే అది మరో ముప్పును వెంటబెట్టుకొస్తుంది. సమస్య ఎక్కడా పూర్తిగా తెగదు.

చీర, పంచె, టోల్‌గేటు

సిక్స్ పాయింట్ హార్నెస్ పెట్టుకోవడం ఎలాగో దగ్గరగా చూస్తే రోజువారీ బతుక్కి అదెంత దూరమో తెలుస్తుంది. ముందు తొడల మధ్య పట్టీలను సీటు రంధ్రంలోంచి పైకి తీసి ఒళ్ళోకి తెచ్చుకోవాలి. నడుము పట్టీలు రెండూ బకిల్‌లో గుచ్చాలి, తుంటి మీదికి వచ్చేదాకా గట్టిగా లాగాలి. ఆ తర్వాతే భుజం పట్టీలు. చివరన వాటి కొసలు పట్టుకుని కిందికి లాగి, ఊపిరి పీలిస్తే ఛాతీకి తగిలేంత బిగించాలి. ఇక చెయ్యి హ్యాండ్‌బ్రేక్‌కు అందుతుందో లేదో, టోల్‌గేటు దగ్గర కిటికీ అద్దం బటను అందుతుందో లేదో అన్నట్టుంటుంది. ట్రాక్ మీద మెకానిక్ వంగి సాయం చేస్తాడు. ఇంటి దగ్గర ఎవరు చేస్తారు?

చీర కట్టుకున్నవారు తొడల మధ్య పట్టీ పెట్టుకోవడం జరగని పని. పంచె కట్టినవారిదీ అదే పరిస్థితి. కృత్తిక పండుగకు తిరుత్తణి కొండకు బయల్దేరిన కుటుంబంలో ఈ పట్టీ పెట్టుకోగలిగేది ప్యాంటు వేసుకున్న ఒక్క కుర్రాడే. కడుపుతో ఉన్న స్త్రీ బెల్టు పొట్ట కింద, తుంటి మీద ఉండాలి. పొట్ట మీద కలిసే బకిల్ ఆమెకు అసలే పనికిరాదు.

బిగుతు భరించలేక అందరూ చేసేది ఒకటే. భుజం పట్టీలు వదులు చేస్తారు. హార్నెస్‌కు రీలు లేదు, ప్రీటెన్షనర్ లేదు. వదులు చేసిన పట్టీ ప్రమాదంలో తనంతట తాను బిగుసుకోదు. శరీరం ఆ ఖాళీ దూరాన్ని పూర్తి వేగంతో దాటి వెళ్ళి పట్టీని కొడుతుంది. బాగా బిగిస్తే కూడలి దగ్గర మెడ సాచి చూడలేరు, వదులు చేస్తే ఆ హార్నెస్‌కు అర్థం లేదు.

మన రోడ్ల మీద మరో విషయం ఉంది. ప్రమాదం జరిగితే అంబులెన్స్ కన్నా ముందు చేరేది పక్క టీకొట్టు వాళ్ళు, వెనక వచ్చే లారీ డ్రైవరు, పొలంలోంచి పరుగెత్తుకొచ్చే రైతు. ఎర్ర బటను నొక్కితే బెల్టు ఊడుతుందని వాళ్ళందరికీ తెలుసు. ఆ బటను ఎర్రగానే ఉండాలని అంతర్జాతీయ నియమం పెట్టింది కూడా అందుకే. తిప్పితే ఊడే గుండ్రటి క్యామ్‌లాక్ బకిల్‌ను వాళ్ళు ఎప్పుడూ చూసి ఉండరు. పొగ కమ్ముకుంటున్న కారులో స్పృహ తప్పిన మనిషిని లాగబోయేవారికి అది పెద్ద అడ్డు.

ఎండ, గడువు, నకిలీ

హార్నెస్ పట్టీలు పాలియెస్టర్‌తో నేస్తారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలేకొద్దీ నూలు బలం సన్నగిల్లుతుంది. అందుకే ఎఫ్‌ఐఏ ముద్ర ఉన్న పట్టీ మీద గడువు ఏడాది రాసి ఉంటుంది, సాధారణంగా తయారీ నుంచి 5 ఏళ్ళు. అమెరికా ఎస్‌ఎఫ్‌ఐ ముద్రకు 2 ఏళ్ళే. కంపెనీ బెల్టు వాడనప్పుడు రీలులో చుట్టుకుని పిల్లర్ వెనక నీడన ఉంటుంది. హార్నెస్ మాత్రం సీటు మీద బారగా ఎండలో పడి ఉంటుంది. తమిళనాడులో వేసవి ఎండలు మండిపోయే ఊళ్ళలో తిరుత్తణి ఒకటి. మే నెలలో ఆరుబయట నిలిపిన కారులోకి మధ్యాహ్నం ఎక్కితే బకిల్ ఇనుము చర్మాన్ని చుర్రుమనిపిస్తుంది. ఆ ఎండకు పట్టీ ఏమవుతుందో మాత్రం కంటికి కనబడదు. కొత్తలో ముదురు రంగున్న పట్టీ వెలిసిందంటే అది ఇక పనికి రానట్టే లెక్క.

నకిలీల సంగతి ఇంకా దారుణం. జపాను టకాటా కంపెనీ పచ్చరంగు హార్నెస్ ఒకప్పుడు రేసు అభిమానుల కల. ఆ పచ్చరంగునూ పేరునూ కాపీ కొట్టిన సరుకు ఆన్‌లైన్‌లో చౌకగా దొరుకుతుంది. దాని కుట్టు ఎంత బలానికి తెగుతుందో, బకిల్ లోపలి పళ్ళు ఏ లోహంతో పోశారో పరీక్షించినవారు లేరు. అలంకారానికి తగిలించినా, ఒక రోజు తొందరలో దాన్నే పెట్టుకుని బయల్దేరతారు. వ్యాసకర్త అభిప్రాయంలో గడువు ముద్ర, తయారీదారు సీరియల్ నంబరు లేని హార్నెస్ కారులో ఉండనే కూడదు.

చట్టం

మోటారు వాహనాల చట్టం 194బి సెక్షను ప్రకారం సీట్ బెల్టు లేకుండా నడిపితే 1,000 రూపాయల జరిమానా. 52వ సెక్షను కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షనును గట్టిగా నిలబెట్టింది. అసలు బెల్టు, దాని రీలు, బకిల్ పీకేసి హార్నెస్ వేస్తే అది ఈ నిషేధం కిందికే వస్తుందని భావించాలి. బీమా కంపెనీ కూడా ప్రశ్నించవచ్చు.

2019 జులై 1 నుంచి కొత్త కార్లలో ముందు సీట్లకు బెల్టు హెచ్చరిక మోత తప్పనిసరి అయింది. హార్నెస్ వాడితే ఆ మోత ఆగదు కనుక కొందరు అసలు బకిల్‌లో ఉత్త క్లిప్పు గుచ్చుతారు. ఇలాంటి క్లిప్పులు అమ్ముతున్నందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 మేలో అయిదు ఆన్‌లైన్ సంస్థలపై చర్య తీసుకుంది. 13,118 ప్రకటనలు తొలగించారు. క్లిప్పు గుచ్చడంతో మోత ఆగుతుంది, కానీ బెల్టు పెట్టుకున్నారని కారు నమ్మి ఎయిర్‌బ్యాగ్‌ను ఆ లెక్కనే నడిపే ప్రమాదమూ ఉంటుంది.

కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో 16,715 మంది బెల్టు పెట్టుకోనివారు, దాదాపు సగం మంది డ్రైవర్లు కాక పక్కన, వెనక కూర్చున్నవారు. అదే ఏడాది సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణంతో వెనక సీటు బెల్టు గురించి దేశం కొంతకాలం మాట్లాడుకుంది. ఈ సంఖ్యల ముందు నిలబడి చూస్తే మన రోడ్లకు కావలసింది నాలుగో పట్టీ కాదని, ఉన్న మూడింటినీ వాడటమేనని తేలుతుంది.

ట్రాక్‌కు వెళ్ళివచ్చే కారు

హార్నెస్‌కు తన చోటు తనకుంది. ఇంజనీరింగ్ విద్యార్థులు సొంతంగా బండి కట్టి పోటీ పడే బాహా పోటీలను ఎస్‌ఏఈ ఇండియా 2007 నుంచి నడుపుతోంది. తెలుగు కాలేజీల పిల్లలు ఏటా వెళ్తారు. గొట్టాల చట్రం, హెల్మెట్, మెడ కాలర్, కనీసం ఫైవ్ పాయింట్ హార్నెస్ లేనిదే బండిని తనిఖీ దాటనివ్వరు. చాలామంది మన కుర్రాళ్ళు మొదటిసారి హార్నెస్ కట్టుకునేది అక్కడే, దాన్ని ఎలా కట్టాలో పద్ధతిగా నేర్పేదీ అక్కడే.

ర్యాలీ కారు మాత్రం నిజంగా రెండు లోకాల్లోనూ తిరుగుతుంది. పోటీ దశకూ పోటీ దశకూ మధ్య మామూలు రోడ్డు మీద, మామూలు ట్రాఫిక్‌లో హార్నెస్‌తోనే వెళ్తుంది. దాని చుట్టూ పూర్తి కేజ్ ఉంది, పక్కన దారి చెప్పే కోడ్రైవర్ ఉన్నాడు, వెనక సీటు లేదు. దాన్ని చూసి ఇంటి కారుకు హార్నెస్ వేయడం పోలిక కుదరని పని.

సొంత కారుతో ఏడాదికి రెండు మూడు సార్లు ఇరుంగట్టుకోట్టై వెళ్ళేవారికి రెండు దారులు. కంపెనీ బెల్టు, ఎయిర్‌బ్యాగ్‌లు ఉన్నవున్నట్టు ఉంచి, మంచి హెల్మెట్ మాత్రం పెట్టుకుని నేర్చుకునేవాళ్ళకు చాలినంత వేగంలో తిరగడం మొదటిది. వ్యాసకర్త మొగ్గు దీనివైపే. నిజంగా వేగం పెంచాలంటే కేజ్, బకెట్ సీటు, సిక్స్ పాయింట్, హాన్స్ అన్నీ కలిపి చేయించి, ఆ కారును ట్రాక్‌కే పరిమితం చేసి ట్రక్కు మీద తీసుకెళ్ళడం రెండోది. మధ్యస్తంగా నడిచే దారిలో, అంటే కంపెనీ సీటు మీద ఫోర్ పాయింట్ వేసుకుని ట్రాక్‌కూ రోడ్డుకూ అదే అనుకోవడంలో, రెండు చోట్లా నష్టమే. హార్నెస్ కారులో ఉన్నా, అసలు బెల్టును తాకకుండా ఉంచి, ట్రాక్ గేటు దాటి రోడ్డెక్కగానే దాన్నే పెట్టుకోవాలి. హార్నెస్ పట్టీలను ఊడదీసి డిక్కీలో పెట్టాలి. వేలాడుతున్న బకిల్ గుద్దుకున్నప్పుడు ఇనుప గుండులా ఎగురుతుంది.

ఫైవ్ పాయింట్‌కు రోడ్డు మీద ఉన్న అసలు చోటు

ఇంటి కారులో ఫైవ్ పాయింట్ హార్నెస్ నిజంగా ఉండాల్సిన సీటు ఒకటుంది. అది పసిపిల్లల సీటు. రెండు భుజాలు, రెండు తుంట్లు, తొడల మధ్య ఒక పట్టీ అన్నీ రేసు కారులో లాగే ఉంటాయి. ట్రాక్ మీద హార్నెస్‌ను మోసే చుట్టూ పట్టే సీటు, పక్క రక్షణ ఇక్కడ ఆ ప్లాస్టిక్ చిప్పలోనే ఉన్నాయి. మెడ సమస్యకు విరుగుడు బిడ్డను వెనక్కి తిప్పి కూర్చోబెట్టడం. గుద్దుకున్నప్పుడు పెద్ద తల, సన్నటి మెడ, వీపు అన్నీ కలిసి చిప్పలోకి ఒత్తుకుంటాయి. రేసర్‌కు హాన్స్ చేసే పని పసిబిడ్డకు సీటు తిరిగిన దిక్కే చేస్తుంది.

14 ఏళ్ళ లోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకపోతే అదే 194బి కింద డ్రైవరుకు 1,000 రూపాయల జరిమానా. ఐనా మన కార్లలో బిడ్డ స్థానం ఇప్పటికీ ముందు సీట్లో అమ్మ ఒళ్ళే. 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకుంటే 10 కిలోల బిడ్డ 160 కిలోల బరువై చేతుల్లోంచి పోతుంది. ఏ తల్లి చేతులూ దాన్ని ఆపలేవు. పోటీ హార్నెస్ మీద పెట్టే డబ్బు, శ్రద్ధ ఈ సీటు మీద పెట్టే కుర్ర తండ్రులు ఇంకా కావాలి.

బిగువు చూసే పద్ధతి రేసు పిట్‌లో మెకానిక్ చేసేదే. భుజం దగ్గర పట్టీని బొటనవేలు, చూపుడువేలు మధ్య గిల్లి చూడాలి. మడత చిక్కితే వదులుగా ఉన్నట్టు, ఇంకొంచెం లాగాలి. నడుము పట్టీ తొడల మీదే ఉందా, పొట్ట మీదికి ఎక్కిందా చూడాలి. నగరి దాటాక బిడ్డ నిద్ర లేచి ఏడుపందుకుంటే, పట్టీ విప్పి ఒళ్ళోకి తీసుకునే ముందు కారును రోడ్డు పక్కన చెట్టు నీడలో ఆపాలి.